నీటిలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి

వాన నీటిలో మీ కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఒక్కసారి కూడా వద్దు. తాళం తిప్పకండి, బటన్ నొక్కకండి. బైకైతే సెల్ఫ్ కొట్టకండి, కిక్ కొట్టకండి. నలుగురిని పిలిచి గేరులో తోయించకండి. తక్కిన వ్యాసమంతా ఎందుకు వద్దో చెప్పడానికే. అంతా చదివే తీరిక లేకపోతే ఈ నాలుగు మాటలైనా ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఇవాళే చెప్పండి.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదులో కాలనీలకు కాలనీలే మునిగాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీటిపాలయ్యాయి. అవే రోజుల్లో మున్నేరు ఖమ్మం మీద పడింది. ఇవి పెద్ద వరదలు కాబట్టి గుర్తున్నాయి. గంటసేపు గట్టి వాన పడితే చాలు, మలక్‌పేట రైల్వే వంతెన కిందా, విశాఖ జ్ఞానాపురం అండర్ బ్రిడ్జిలోనూ నీరు నిలవడం ఏటా చూస్తున్నదే. అలాంటి చోట బండి ఆగుతుంది. చుట్టూ నలుగురు చేరతారు. "ఇంకోసారి కొట్టు, అందుకుంటుంది" అంటారు. ఆ ఇంకోసారే ఇంజిన్‌ను చంపుతుంది. ఆగిన క్షణంలో చాలా ఇంజిన్లకు ఏమీ కాదు. ఆగిన తర్వాత మనం చేసే ప్రయత్నాల్లోనే అవి పోతాయి. ఇది తెలియకపోవడం వల్ల మధ్యతరగతి కుటుంబాలు ఏళ్ల తరబడి వాయిదాలు కట్టి కొనుక్కున్న బండిని అర నిమిషంలో పోగొట్టుకుంటున్నాయి. ఇంజిన్ విప్పి మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు కొన్నిసార్లు ఆ పాత కారు ధరనే మించిపోతుంది.

పెట్రోల్ ఇంజిన్ పెట్రోల్‌తో నడుస్తుందని అందరం అంటాం. లెక్క చూస్తే అది తాగేది ఎక్కువగా గాలినే. ఒక కిలో పెట్రోల్ సరిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోల్‌కు సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి అన్నమాట. ట్యాంకులో 30 లీటర్లు పోయించుకుని బయల్దేరితే, అది ఖర్చయ్యేలోగా మన బండి రెండున్నర లక్షల లీటర్లకు పైగా గాలిని పీల్చేస్తుంది. 1200 సీసీల కారు ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, నిమిషానికి 1800 లీటర్ల దాకా లాగగలదు. అంత పీల్పు ఉన్న గొట్టం నోరు నీటికి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ నోరు ఎక్కడుంటుందో బండి నడిపేవారిలో చాలామందికి తెలియదు. బానెట్ ఎత్తి చూడండి. చాలా కార్లలో ముందు గ్రిల్ వెనుకో, హెడ్‌లైట్ పక్కనో నల్లటి ప్లాస్టిక్ గొట్టం తెరుచుకుని ఉంటుంది. అదే గాలి నోరు. అక్కణ్నుంచి గాలి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి పోతుంది. అక్కడ కాగితం మడతల మధ్య దుమ్ము ఆగిపోతుంది. తర్వాత థ్రాటిల్ బాడీ. మనం యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తెరుచుకునే పలక అందులోనే ఉంటుంది. మన కాలు తెరిచేది గాలి తలుపునే, పెట్రోల్ కొళాయిని కాదు. థ్రాటిల్ దాటిన గాలి ఇన్‌టేక్ మానిఫోల్డ్ అనే కొమ్మల గొట్టంలోకి వెళ్లి సిలిండర్లకు పంపిణీ అవుతుంది. పిస్టన్ కిందికి దిగుతుంది, ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుంటుంది, సిరంజిలోకి మందు లాగినట్టు గాలి సిలిండర్‌లోకి వచ్చేస్తుంది.

ఇక పెట్రోల్ సంగతి. ట్యాంకు లోపల పెట్రోల్‌లోనే మునిగి ఉండే విద్యుత్ పంపు దాన్ని ముందుకు నెడుతుంది. తాళం 'ఆన్'లోకి తిప్పగానే వెనుక సీటు కింద రెండు క్షణాలు సన్నగా మోత వినిపించేది అదే. ఫిల్టర్ దాటి ఇంజిన్ దగ్గరి ఫ్యూయల్ రైలు చేరేసరికి పెట్రోల్ మూడు నాలుగు బార్ల పీడనంలో ఉంటుంది. ఆ రైలు నుంచి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్. ఇంజెక్టర్ అంటే విద్యుత్తుతో తెరుచుకునే చిన్న సూది వాల్వ్. ఎంతసేపు తెరవాలో ఈసీయూ అనే కంప్యూటర్ చెబుతుంది. మానిఫోల్డ్‌లో పీడనం ఎంత, వచ్చే గాలి వేడి ఎంత, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఇవన్నీ సెన్సర్లతో తెలుసుకుని, ఎంత గాలి వచ్చిందో లెక్కగట్టి, దానికి తగ్గ పెట్రోల్‌ను కొన్ని మిల్లీసెకన్లపాటు చిమ్మిస్తుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ లెక్క తప్పిందేమో చూసి చెబుతుంది, ఈసీయూ సరిదిద్దుకుంటుంది. ఒక్కో సిలిండర్‌కు ఇదంతా నిమిషానికి వందల సార్లు జరుగుతుంది.

ఇంత తెలివైన ఏర్పాటులో ఒక పెద్ద లోటు ఉంది. పెట్రోల్‌కు పంపు, ఫిల్టర్, సూది, కంప్యూటర్, ఇంత కాపలా ఉంది. గాలికి ఉన్నదల్లా ఒక కాగితం ఫిల్టర్. ఆ సెన్సర్లు గాలిని కొలుస్తాయి, నీటిని గుర్తుపట్టలేవు. గొట్టంలోకి నీరొచ్చిందని ఈసీయూకు చెప్పేవాళ్లెవరూ లేరు. మీరు బటన్ నొక్కితే అది యథాప్రకారం సెల్ఫ్ మోటార్‌ను తిప్పిస్తుంది, పెట్రోల్ చిమ్మిస్తుంది, ప్లగ్‌లో నిప్పు పుట్టిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద వచ్చే హెచ్చరిక దీపం మిమ్మల్ని కాపాడుతుందని నమ్మకండి. ఈ ఒక్క విషయంలో బండి తనను తాను రక్షించుకోలేదు. ఆపాల్సింది నడిపేవారే.

గాలిని నొక్కితే కుదించుకుంటుంది. నీరు కుదించుకోదు. ఈ చిన్న తేడాలోనే మొత్తం ప్రమాదం ఉంది. 1200 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ కదిలే మేర 300 సీసీలు. కంప్రెషన్ నిష్పత్తి పదికి ఒకటి అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీ 33 సీసీలు. రెండు టేబుల్ స్పూన్లకు కాస్త ఎక్కువ. అంతకు మించి నీరు ఉంటే పిస్టన్ పైదాకా పోలేదు, మధ్యలో ఆగిపోతుంది. కానీ కింద క్రాంక్ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, ఫ్లైవీల్ బరువు దాన్ని తోస్తూనే ఉంటుంది. మధ్యలో చిక్కుకున్నది ఆ రెంటినీ కలిపే కనెక్టింగ్ రాడ్. అది వంగుతుంది, లేదా విరిగి ఇంజిన్ బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది. బకెట్ల కొద్దీ నీరు పోతేనే ఇంజిన్ పాడవుతుందనుకునేవారు ఈ లెక్క ఒకసారి చూడాలి. డీజిల్ ఇంజిన్లలో కంప్రెషన్ ఇంకా ఎక్కువ కాబట్టి ఆ ఖాళీ ఇంకా తక్కువ. డీజిల్ బండ్లున్నవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

ద్విచక్ర వాహనాల లెక్క మరీ భయపెట్టేది. 110 సీసీల స్కూటర్‌లోనో బైకులోనో ఆ ఖాళీ సుమారు 12 సీసీలు, అంటే రెండున్నర టీ స్పూన్లు. స్కూటర్ గాలి డబ్బా సీటు కింద పక్కగా, వెనుక చక్రానికి దగ్గరగా ఉంటుంది. మోకాలి లోతు నీటిలో స్కూటర్ నడుపుకుంటూ పోయేవారిని ప్రతి వానకూ చూస్తూనే ఉంటాం. పొగ గొట్టంలో నీరు బుడబుడలాడుతుంటే రేస్ ఇస్తూ పోతారు. రేస్ ఇస్తున్నంతసేపూ పొగ బయటికి తోస్తుంది కాబట్టి వెనుక నుంచి నీరు రాకపోవచ్చు. కానీ అదే రేస్ ముందు నుంచి గాలిని మరింత బలంగా పీలుస్తోందన్నది మరిచిపోతున్నారు.

మరి నీటిలో బండి ఎందుకు ఆగుతుంది? ప్రతిసారీ సిలిండర్ నిండే ఆగదు. చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్ కాగితం తడిసి ముద్దయి గాలి ఆడక ఆగుతుంది. కొన్నిసార్లు ఏదో సెన్సర్ కనెక్టర్ తడిసి ఆగుతుంది. అలా ఆగడం నిజానికి అదృష్టం. ఆ క్షణానికి సిలిండర్లు పొడిగా ఉండొచ్చు, నీరు ఫిల్టర్ డబ్బా అడుగునో, మానిఫోల్డ్ వంపులోనో నిలిచి ఉండొచ్చు. అప్పుడు మీరు సెల్ఫ్ కొట్టారు. పిస్టన్లు మళ్లీ కిందికి దిగాయి. ఇందాకటిదాకా బయటే ఉన్న నీటిని మీరే లోపలికి లాగారు. సెల్ఫ్ మోటార్ ఒక్కటే రాడ్డును ప్రతిసారీ వంచలేకపోవచ్చు, చాలాసార్లు 'టక్' మని బిగుసుకుపోతుంది. అసలు ప్రమాదం నాలుగింటిలో ఒకటో రెండో సిలిండర్లు పొడిగా ఉండి మండినప్పుడు. మండిన సిలిండర్ బలం, నీరున్న సిలిండర్ మీద పడుతుంది. "అందుకుంది, అందుకుంది" అని చుట్టూ ఉన్నవాళ్లు సంతోషించే ఆ అర క్షణంలోనే రాడ్డు వంగుతుంది.

గేరులో వేసి తోయించడం ఇంతకంటే ఘోరం. సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ తొక్కి, పదిమంది తోస్తుంటే వదిలేస్తారు. టన్ను బరువున్న బండి కదలికంతా చక్రాల గుండా ఇంజిన్ మీద పడుతుంది. సెల్ఫ్ మోటార్‌కైనా ఒక హద్దుంది, ఈ బలానికి అదీ లేదు. సాయం చేయడానికి వచ్చినవారు మంచి మనసుతోనే వస్తారు. వారి చేతుల బలం బండిని న్యూట్రల్‌లో పక్కకు జరపడానికి మాత్రమే వాడాలి.

మన పెద్దవాళ్లు, అనుభవమున్న డ్రైవర్లు ఈ సలహా ఎందుకిస్తారంటే వారి కాలంలో అది పనిచేసేది. అంబాసిడర్లు, ఫియట్లు నీటిలో ఆగితే ఎక్కువగా ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిసి ఆగేవి. మూత తీసి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి మళ్లీ కొడితే నడిచేవి. కార్బ్యురేటర్ బైకైతే పక్కకు వంచి నీరు కార్చి, పది కిక్కులు కొడితే దగ్గుకుంటూ లేచేది. అలాంటి బండ్లు ఇప్పుడు కొత్తగా రావడం లేదు. పాతికేళ్ల కిందట కార్ల వెనుక 'ఎంపీఎఫ్ఐ' అని అక్షరాలు వెలిసిన నాటి నుంచి కార్లలో కార్బ్యురేటర్ తప్పుకుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బైకులు, స్కూటర్లు కూడా దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. ఇప్పటి బండ్లలో డిస్ట్రిబ్యూటరే ఉండదు. చాలా కార్లలో ఒక్కో ప్లగ్ నెత్తిన ఒక్కో కాయిల్, దానికి రబ్బరు సీలు. తుంపర్లకు ఆగే బండ్లు కావివి. కాబట్టి ఇవాళ బండి నీటిలో ఆగిందంటే నీరు గాలి దారిలోకి వచ్చిందనే ముందు అనుమానించాలి. పెద్దల మాట కాదంటున్నందుకు నొచ్చుకోవద్దు. వారి మాట వారి బండ్ల విషయంలో నిజమే.

కొత్త బండ్లతో కొత్త ప్రమాదాలూ వచ్చాయి. సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజిన్ దానంతటదే ఆగి, క్లచ్ తొక్కినా బ్రేకు వదిలినా మళ్లీ లేచే ఏర్పాటు ఇప్పుడు చాలా కార్లలో ఉంది. నీరు నిలిచిన రోడ్డులో ట్రాఫిక్ ఆగితే ఆ ఏర్పాటు ఇంజిన్‌ను ఆపేస్తుంది, తర్వాత మనల్ని అడగకుండానే సెల్ఫ్ కొడుతుంది. వాన రోజున బయల్దేరే ముందే దాని బటన్ నొక్కి ఆపేయండి. ఇంకొన్ని కార్లను ఫోన్‌లోని యాప్‌తో దూరం నుంచే స్టార్ట్ చేయొచ్చు. సెల్లార్‌లో మునిగిన కారు పనిచేస్తుందో లేదో పై అంతస్తు నుంచి చూద్దామని ఆ బటన్ నొక్కే ఆలోచన ఎవరికైనా వస్తుంది. దయచేసి నొక్కకండి.

టర్బో పెట్రోల్ కార్లున్నవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఆ కార్లలో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటుంది, చాలావాటిలో బంపర్ వెనుక కిందుగా. ఒకసారి గాలి దారిలోకి నీరొస్తే ఆ ఇంటర్‌కూలర్ అడుగున నిలిచిపోతుంది. ఫిల్టర్ మార్చి, ప్లగ్‌లు ఆరబెట్టి, అంతా అయిందనుకుని బయల్దేరాక, ఎక్కడో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఆ నీరంతా ఒక్కసారిగా ఇంజిన్‌లోకి పోతుంది. ఇంటర్‌కూలర్ విప్పి నీరు కార్చారా అని షెడ్డులో అడగండి.

అసలు నీటిలోకి దిగకపోవడమే మంచిది. లోతు తెలియని నీటిలోకి దిగనే వద్దు. తెలిసిన రోడ్డే అయినా, నీరు చక్రం మధ్య బొడిపె దాటితే వెనక్కి తిరగండి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఫస్ట్ గేరులో, ఒకే నెమ్మది వేగంలో, మధ్యలో ఆగకుండా పోవాలి. వేగంగా పోతే బండి ముందు అల లేస్తుంది. ఆ అల బానెట్ ఎత్తుకు చేరి నేరుగా గాలి నోట్లో పడుతుంది. ఎదురుగా బస్సో లారీయో వస్తుంటే అది దాటేదాకా ఆగండి. రోడ్డు మీద నీరు అడుగే ఉన్నా, బస్సు తోసే అల రెండడుగులు లేస్తుంది. బస్సు డ్రైవర్లకూ ఒక విన్నపం: మీ బండి ఎత్తుకు ఆ నీరు లెక్కలోకి రాదు, పక్కన పోయే స్కూటర్‌కు అది ప్రాణాంతకం. వేగం తగ్గించండి.

ఇంజిన్ పోతే డబ్బు పోతుంది. కానీ ఇలా నీటిలో చిక్కి మనుషులూ పోయారు. 2021 అక్టోబరులో తిరుపతిలో రైల్వే అండర్ బ్రిడ్జి నీటిలో వాహనం చిక్కుకుని, కర్ణాటక నుంచి వచ్చిన యాత్రికుల్లో కొత్తగా పెళ్లయిన యువతి చనిపోయింది. 2023 మే 21న బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నీటిలో కారు ఆగిపోయి, మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ప్రాణం పోయింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు దగ్గర కారుతో పాటు తండ్రీకూతుళ్లు కొట్టుకుపోయారు. వాళ్లలో ఎవరూ చావుకు తెగించి దిగినవారు కాదు. అందరిలాగే దాటేద్దాం అనుకున్నవారు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు, రెండడుగులైతే పెద్ద బండ్లనూ ఈడ్చుకుపోతుంది. అందుకే నీటిలో బండి ఆగితే మొదటి ఆలోచన ఇంజిన్ గురించి కాకూడదు. నీరు పెరుగుతోందా, పారుతోందా అని చూడండి. అనుమానముంటే వెంటనే దిగిపోండి. తలుపు సగం మునిగితే బయటి నీటి ఒత్తిడికి తెరుచుకోదు, కరెంటు పోతే అద్దాలు దిగవు. విద్యుత్తు ఉండగానే అద్దాలు దించుకోండి. పగలగొట్టాల్సి వస్తే పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టండి. ముందు అద్దం పొరల గాజు, అది పగిలినా ఊడి రాదు. స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతూ లోపలే కూర్చున్న ఆ రెండు మూడు నిమిషాలే ప్రాణం దక్కించుకునే సమయం.

సెల్లార్‌లోనో వీధిలోనో నిలిపి ఉంచగా మునిగిన బండి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీరు తీసింది, బండి పైకి బాగానే కనిపిస్తోంది, ఎండ కూడా వచ్చింది. నాలుగు రోజులు ఆరబెట్టాం కదా అని తాళం పెడతారు. ఎండ బానెట్‌ను ఆరబెడుతుంది, సిలిండర్‌ను కాదు. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పేయండి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, వీలైతే నాలుగు చక్రాలూ పైకెత్తి తీసుకుపోయే రికవరీ వ్యాన్ పిలిపించండి. ఆటోమేటిక్ గేర్లున్న కార్లకు ఇది తప్పనిసరి. ఆలస్యం మాత్రం చేయకండి. సిలిండర్ గోడలకు తుప్పు పట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు. సెల్లార్‌లో నీరు తోడడానికి పెట్రోల్ పంపో జనరేటరో వాడుతుంటే దాన్ని బయట పెట్టి, గొట్టం మాత్రమే లోపలికి వేయండి. మూసి ఉన్న చోట పెట్రోల్ ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనిషి కూలిపోయేదాకా తెలియదు.

షెడ్డులో పని చేయించేటప్పుడు పక్కన నిలబడి చూడండి. నిజాయితీగల మెకానిక్ మొదట ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరుస్తాడు. కాగితం తడిగా ఉందంటే నీరు లోపలికి వచ్చినట్టే లెక్క. తర్వాత డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూస్తాడు. తెల్లబారి నురగలా ఉంటే ఆయిల్‌లో నీరు కలిసింది. ఆ తర్వాత ప్లగ్‌లన్నీ విప్పి, ఇంజెక్టర్ల ఫ్యూజు, కాయిల్స్ కనెక్షన్ తీసేసి, స్పానర్‌తో చేత్తో ఇంజిన్ తిప్పుతాడు. నీరుంటే ప్లగ్ రంధ్రాల గుండా బయటికి చిమ్ముతుంది. ఆ ఫ్యూజు తీయకుండా సెల్ఫ్‌తో తిప్పితే నీటితో పాటు పెట్రోల్ ఆవిరి కూడా బయటికొస్తుంది. పక్కనే కాయిల్ నిప్పు రవ్వ పుట్టిస్తుంటే షెడ్డు అంటుకుంటుంది. కంప్రెషన్ పరీక్ష చేయకుండా, ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా "నడుస్తోంది, తీసుకుపోండి" అనే మాటను నమ్మకండి. కొద్దిగా వంగిన రాడ్డుతో కూడా ఇంజిన్ నడుస్తుంది. చిన్న టకటక శబ్దం తప్ప తేడా తెలియదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, ఏ జాతీయ రహదారి మీదో, వేగంగా పోతుండగా విరుగుతుంది.

ఇంట్లో పనిముట్లున్నాయని పెట్రోల్ గొట్టాలు విప్పేవారికి ఇంకా గట్టిగా చెప్పాలి. ఇంజిన్ ఆగినా ఫ్యూయల్ రైలులో పీడనం గంటల తరబడి నిలిచి ఉంటుంది. మూడు నాలుగు బార్లంటే కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి కంటే ఎక్కువ. బిగింపు వదలగానే పెట్రోల్ కళ్లలోకో, వేడి సైలెన్సర్ మీదికో చిమ్ముతుంది. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కొత్త డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలోనైతే ఆ పీడనం వందల బార్లు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అవి ఇంట్లో ముట్టుకునే పనులు కావు.

మునిగిన బండి ట్యాంకులో పెట్రోల్‌నూ నమ్మకూడదు. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని ఇష్టంగా కలుపుకుంటుంది. కొద్దిపాటి తేమను భరిస్తుంది గానీ, హద్దు దాటిందంటే పెట్రోల్‌ను వదిలి నీటితో చేరి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. పంపు పెట్రోల్ తోడుకునేది అడుగు నుంచే. అలా ఇంజెక్టర్లకు పెట్రోల్ బదులు నీళ్లు కలిసిన ఇథనాల్ అందుతుంది. ఇంజిన్ కుంటుతుంది, ఆగుతుంది, పంపు, ఇంజెక్టర్లు తుప్పు పడతాయి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి కొత్త పెట్రోల్ పోయించుకోండి. బంకు యజమానులు వరద తగ్గాక భూగర్భ ట్యాంకులో నీటి పరీక్ష చేయకుండా ఒక్క లీటరు కూడా అమ్మకూడదు. వినియోగదారులూ మొహమాటపడకుండా అడగాలి, అది వారి హక్కు.

కుర్రాళ్లలో ఒక మోజు కనిపిస్తోంది. కంపెనీ గాలి డబ్బా తీసేసి, మోత బాగుంటుందని, పికప్ పెరుగుతుందని బయట దొరికే శంకు ఆకారపు ఓపెన్ ఫిల్టర్ బిగిస్తున్నారు. ఆ డబ్బాను అంత ఎత్తులో, అన్ని మలుపులతో పెట్టడానికి కారణాల్లో నీరు ఒకటి. దాన్ని తీసేస్తే గాలి నోరు కిందికి, చక్రం దగ్గరికి దిగొచ్చు, నీటికి ఏ అడ్డూ ఉండదు. తల్లిదండ్రులు ఈ విషయంలో గట్టిగా ఉండాలి.

చివరిగా బీమా. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. మామూలు సమగ్ర పాలసీ వరదలో మునిగిన బండికి పరిహారమిస్తుంది గానీ, నీరు పోయిన ఇంజిన్‌ను తిప్పడం వల్ల లోపల విరిగిన భాగాలకు చాలా పాలసీలు ఇవ్వవు. అది వరద చేసిన నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టం అంటారు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలి, అందులోనూ షరతులుంటాయి. అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క విడమరిచి చెప్పడం బీమా ఏజెంట్ల బాధ్యత. కారు తాళాలు చేతికిచ్చే రోజున గాలి నోరు ఎక్కడుందో చూపించడం, నీటిలో ఆగితే ఏం చేయకూడదో చెప్పడం డీలర్ల బాధ్యత. వాన మొదలవగానే అండర్ బ్రిడ్జిలకు అడ్డుకట్టలు పెట్టి, లోతు గీతలు గీసి, రాత్రిపూట కూడా మనిషిని నిలపడం నగరపాలక సంస్థల బాధ్యత. అందరికీ ఇవి తెలిసిన పనులే, ఖర్చు పెద్దగా లేని పనులే. చేయకపోవడానికి సాకు లేదు.

నైరుతి రుతుపవనాలు జూన్‌లో మొదలైతే తుపాన్ల కాలం ముగిసేసరికి డిసెంబరు వస్తుంది. ఆరు నెలలకు పైగా మన రోడ్ల మీద ఈ ప్రమాదం ఉంటుంది. ఇవాళే మీ పాలసీ కాగితం తీసి చూడండి, రికవరీ వ్యాన్ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. రోడ్డు మీద ఎవరి బండైనా నీటిలో ఆగి, వారి చెయ్యి మళ్లీ తాళం వైపు వెళ్లడం కనిపిస్తే దగ్గరికి వెళ్లి ఆపండి. ముందు మనుషులను బయటికి తీయండి, ఆ తర్వాత బండిని న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయడానికి ఒక చెయ్యి వేయండి.